పొట్లముపై వ్రాయవలసిన మాట

సైదాబాదునుండి ఐ.ఎస్. సదన్ చౌరస్తా మీదుగా చంపాపేటకు సాగు రహదారిలో, దీపములు పెట్టు వేళ దాటిన తరువాత, ఏ మెడికల్ షాపు ముందైనను ఒక పావుగంట నిలిచి చూచినచో, మన నగరమున ఔషధము చేతులు మాఱు తీరు కన్నులకు కట్టినట్లు తెలియును. పనినుండి మరలివచ్చు మేస్త్రీ యొకడు "అన్నా, జ్వరం గోలీలు రెండియ్యి, దగ్గుకు గూడ ఏదన్న పవర్ది ఇయ్యి" అని యడుగును. దిల్‌సుఖ్‌నగర్ హాస్టలులో నుండి పోటీపరీక్షలకు చదువుకొను పిల్లవాడు, క్రిందటి మారు తన గొంతునొప్పిని తగ్గించిన మందు పేరును ఫోనులో చూపును. ఒక యిల్లాలు అత్తగారి బీపీ గోలీల ఖాళీ స్ట్రిప్ తెచ్చి కౌంటరుపై నుంచును. దుకాణపు కుఱ్ఱవాడు వారినందఱిని ఓర్పుతో ఆదరించి, అఱలనుండి మందులు తీసి, స్ట్రిప్‌ను కత్తెరతో నడిమికి కత్తిరించి (ఆ కత్తిరింపులో మందు పేరో గడువు తేదియో తెగిపోవుచుండును), చిన్న కాగితపు పొట్లములో వేసి, "పొద్దున ఒకటి, రాత్రి ఒకటి" అని చెప్పుచునే తరువాతివాని వైపు తిరుగును. ఆ పొట్లముపై ఒక్క యక్షరమైనను ఉండదు.

ఆ లేని యక్షరమును గుఱించియే నేనీ వ్యాసము వ్రాయుచున్నాను. ఏ మందు, ఎంత, ఏ వేళ, ఎన్నాళ్లు అను నాలుగు విషయములను మనము మందుతోపాటు ఊరక చెప్పెడి మాటలుగా భావించుచున్నాము; అవి మందులోని భాగములేయని నా నిశ్చితాభిప్రాయము. కర్మాగారమున ఎంతటి స్వచ్ఛముగా తయారైన ద్రవ్యమైనను, ఆ నాలుగింటిలో ఒకటి లోపించిన నాడు, రోగి చేతిలో పేరు తెలియని రసాయనముగా మిగిలిపోవును. కావున అమ్మెడి ప్రతి పొట్లముపైనను, కొనెడి మనుష్యుడు చదువగల భాషలో, అనగా మన ప్రాంతమున తెలుగులోనో ఉర్దూలోనో, ఆ నాలుగు మాటలు వ్రాసి యివ్వవలెనని కోరుచున్నాను.

నా యీ కోరిక వెనుక ఒక గృహోదంతము కలదు. ఎల్.బి. నగర్‌లో నివసించు మా పినతల్లికి కీళ్లవాతము వచ్చి, వ్రేళ్లు ముడుచుకొనలేని స్థితి యేర్పడగా, వైద్యుడు మెథోట్రెక్సేట్ అను మందును వారమునకొక్కమారు మూడేసి గోలీలు తీసికొమ్మని ఇంగ్లీషులో చీటీ వ్రాసి యిచ్చెను. మందు లిచ్చిన దుకాణమువారు, తక్కిన గోలీలకు చెప్పు అలవాటుననే, "రోజూ పొద్దున మూడు" అని చెప్పి పంపిరి. ఆమె యట్లే తొమ్మిది దినములు మ్రింగెను. ఐదవ నాటికి నోరంతయు పూసినది. "మందు వేడి చేసిందమ్మా" అనుకొని, సబ్జాగింజల నీళ్లును మజ్జిగయు త్రాగుచు, గోలీలు మాత్రము మానక వేసికొనుచునే యుండెను. తొమ్మిదవ నాడు జ్వరము వచ్చి రక్తపరీక్ష చేయించినప్పుడు తెల్లకణములు ప్రమాదకరముగా పడిపోయిన సంగతి బయటపడినది. ఆస్పత్రిలో చేర్చి, విరుగుడుగా ఫోలినిక్ ఆమ్లము సూదిమందుగా నిచ్చి, ఆమెను దక్కించిరి. వైద్యుడు వ్రాసినది తప్పు కాదు, కర్మాగారము చేసినది తప్పు కాదు, గోలీలో కల్తీ లేదు. "వారమునకొక్కమారు" అను రెండు మాటలు ఆమెకు చేరకపోవుటయే తొమ్మిది దినములలో మందును విషముగా మార్చినది.

ఈ యుదంతము విన్నవారిలో పెక్కుమంది "మూడు చిన్న గోలీలు అంత పని చేయునా?" అని యాశ్చర్యపడిరి. మందు దేహములో ఏమి చేయునో, దేహము మందును ఏమి చేయునో మన బడులలో ఎవ్వరును చెప్పకపోవుటయే యా యాశ్చర్యమునకు మూలము. తలనొప్పి గోలీ తలకును, మోకాలినొప్పి గోలీ మోకాలికిని నేరుగా పోవునని విద్యాధికులు సైతము నమ్ముచున్నారు. మ్రింగిన గోలీ కడుపులో కరగి, ముఖ్యముగా చిన్నప్రేవులలో పీల్చబడి, అచ్చటినుండి బయలుదేఱు సిర ద్వారా మొట్టమొదట కాలేయమును చేరును. పూర్వకాలమున ఊరి పొలిమేర యందలి సుంకపుచావడి వలె, కాలేయము తన యెదుటికి వచ్చిన పెక్కు ద్రవ్యములనుండి కొంత భాగమును తీసికొని మార్చివేసిన పిమ్మట గాని తక్కినదానిని రక్తప్రవాహములోనికి విడువదు. గుండెనొప్పి వచ్చినవానికి సార్బిట్రేట్‌ను నాలుక క్రింద నుంచుకొమ్మనుట యీ కారణముననే: అచ్చటి సన్నని రక్తనాళములు దానిని సుంకము లేకుండ నేరుగా గుండె వైపు కొనిపోవును. అదే గోలీని నీళ్లతో మ్రింగినచో కాలేయము దానిలో అధికభాగమును హరించును, మిగిలినదియు ఆలస్యముగా చేరును. ఆ యాలస్యమును గుండె సహింపదు. నాలుక క్రింద నుంచుట, మ్రింగుట అను రెండింటికి నడుమ ఒక ప్రాణము వ్రేలాడుచున్న దన్నమాట. ఐనను ఇంట ఆ గోలీలు దాచుకొన్నవారిలో ఎందఱికి ఈ భేదము తెలియునో మీరే మీ యింటి పెద్దల నడిగి చూడుడు.

రక్తములో ప్రవేశించిన మందు దేహమంతటను తిరుగును. తిరుగుచు, తన కనువైన చోటు దొరకిన కణములపై మాత్రమే పనిచేయును. ఆ చోట్లలో పెక్కింటికి గ్రాహకములని పేరు. ఆర్టీసీ బస్సులో కిటికీనుండి చేయి చాచి సీటుపై కర్చీఫు వేసినవాని మాదిరి, సెట్రిజిన్ వంటి మందు హిస్టమిన్ కూర్చుండవలసిన చోటును ముందుగా ఆక్రమించును. హిస్టమిన్ శరీరములో ఉండనే యుండును గాని, కూర్చుండ చోటు లేక తుమ్ములను దురదలను పుట్టింపజాలదు. ఆ హిస్టమిన్‌కే మెదడులో మనలను మెలకువగా నుంచు పని యొకటి కలదు. పాతకాలపు అవిల్ వంటి గోలీలు మెదడులోనికి సులభముగా చొచ్చుకొనిపోయి యచ్చటి సీట్లపైనను కర్చీఫు వేయుటచే, వేసికొన్నవానిని నిద్ర ముంచెత్తును. ఆ గోలీ వేసికొని సాగర్ రింగురోడ్డుపై మోటారుసైకిలు నడుపువానికి ఆ ముక్క చెప్పి పంపుట ధర్మము కాదా? మందు మంచిది, చెడ్డది అని విడదీసి మాటలాడుట మనకు పరిపాటి. మందునకు మంచి చెడ్డలు తెలియవు, తనకు సరిపడు చోటు మాత్రమే తెలియును, అట్టి చోట్లు దేహమున అనేకములు.

ఇక ఎంతసేపు, ఎన్నాళ్లు అను ప్రశ్న. అమాక్సిసిలిన్ రక్తములో ప్రవేశించిన పిమ్మట ఒక గంటకో, అంతకు కొంచెము పైననో సగమునకు సగము తఱిగిపోవును. కావుననే దానిని దినమునకు మూడు మారులు వేసికొమ్మందురు. అజిత్రోమైసిన్ కణజాలములలో దాగి దినముల తరబడి నిలిచియుండును. కావున దినమునకొక్కటి చొప్పున మూడునుండి ఐదు దినములే చాలును. రెండింటిని "యాంటీబయాటిక్" అను ఒకే పేరుతో పిలిచి, రెండు గోలీలు మ్రింగి, జ్వరము విడువగానే మానివేయువాడు మొదటిదానితో సూక్ష్మజీవులను సగము చంపి విడుచుచున్నాడు. చావక మిగిలినవి సహజముగా బలమైనవి, వాని సంతానమే తరువాత నిలుచును. ఆస్పిరిన్ కథ మఱియొక విధము. అది రక్తమునుండి కొన్ని గంటలలోనే తొలగిపోవును గాని, రక్తము గడ్డకట్టుటకు తోడ్పడు రక్తఫలకికల యందు తాను మూసిన ద్వారమును తెఱచుట ఎవరి తరము కాదు. ఆ ఫలకికలు నశించి క్రొత్తవి పుట్టువఱకు, అనగా వారము పది దినములు, దాని ప్రభావము నిలుచును. పల్లు తీయించుకొనుటకు ముందు "ఎకోస్ప్రిన్ వాడుచున్నారా?" అని ఆస్పిరిన్ గోలీని గుఱించి దంతవైద్యుడు అడుగుట అందుకొఱకే.

మన యిండ్లలో ప్రమాదరహితమని పేరుపడిన పారాసిటమాల్‌ను గుఱించి కొంచెము విస్తరించి చెప్పక తప్పదు. దానిలో అధికభాగమును కాలేయము హాని లేని పదార్థముగా మార్చి మూత్రమున పంపివేయును. ఒక చిన్న భాగము మాత్రము విషపదార్థముగా మాఱును. ఆ విషమును గ్లూటథయోన్ అను ద్రవ్యము ఎప్పటికప్పుడు అణచివేయుచుండును. గోలీలు హద్దు మీఱినప్పుడు గ్లూటథయోన్ నిలువ అడుగంటి, విషము కాలేయకణములనే కాల్చివేయును. ఆరోగ్యవంతుడైన పెద్దవానికి సైతము దినమునకు 4 గ్రాములు దాటరాదు. 650 మిల్లీగ్రాముల డోలో ఆఱు మ్రింగినచో ఇంచుమించు ఆ హద్దు చేరినట్లే. మద్యము సేవించువారికిని, ఉపవాసములతో బలహీనులైనవారికిని హద్దు ఇంకను క్రిందనే యుండును. జలుబు గోలీలలోను, కొన్ని నొప్పి గోలీలలోను అదే పారాసిటమాల్ వేఱు పేరుతో చేరియుండును. కావున మూడు పొట్లములనుండి మూడు గోలీలు వేసికొన్నవాడు ఒకే మందును మూడు మారులు మ్రింగినట్లగును. పొట్లముపై పేరే లేనప్పుడు ఆ సంగతి వానికెట్లు తెలియును? వానకాలమున డెంగీ వ్యాపించినప్పుడు పారాసిటమాల్‌కు బదులు "పవర్ది" కావలెనని డైక్లోఫెనాక్ వేసికొనువారిని తలచుకొన్నచో నాకు భయము కలుగును. ఆ జ్వరమున రక్తఫలకికలు ఇదివఱకే తఱిగియుండగా, అట్టి గోలీలు రక్తస్రావమునకు దారి తెఱచును.

తిండితోడి సంబంధమును కూడ మనవారు పథ్యమను ఒక్క మాటతో ముగింతురు. థైరాయిడ్ గోలీని పరగడుపున వేసికొనుమనుటకు కారణము, ఆహారమును, కాల్షియం ఇనుము గోలీలును దానిని ప్రేవులలోనే నిలిపివేయుట. రక్తము గడ్డకట్టకుండ ఎసిట్రోమ్ వాడువారు ఒక వారము ఆకుకూర ముట్టక మఱుసటి వారము దినదినము గోంగూర, తోటకూర విరివిగా తిన్నచో, వానిలోని కె విటమిను మందును వెనుకకు లాగివేయును. కూర మానవలసిన పని లేదు, ఒక తీరుగా తిన్న చాలును. వంకాయ, చేపలు, పులుపు అని కారణము తెలియక ఇరువది పదార్థములు మానిపించు పథ్యముకంటె, ఆ మందుతో నిజముగా తగవుపడు ఒక్క పదార్థము పేరు చెప్పుట శ్రేయస్కరము.

ఈ విషయములన్నియు పరదేశపు విద్యయని తలచువారికి మన నగరచరిత్రమునే చూపవచ్చును. సైదాబాదునుండి మలక్‌పేట మీదుగా చాదర్‌ఘాట్ వంతెన దాటి మూసీ కావలి యొడ్డున నడచినచో అఫ్జల్‌గంజ్ వచ్చును. ఇప్పుడు ఉస్మానియా ఆస్పత్రి యున్న ఆ ప్రాంతమున, 1908 నాటి వఱదకు పూర్వము, అఫ్జల్‌గంజ్ ఆస్పత్రి యుండెడిది. శస్త్రచికిత్సలలో మత్తుకొఱకు క్లోరోఫారము పీల్చిన రోగులు కొందఱు హఠాత్తుగా మరణించుటకు హేతువు శ్వాస యాగుటయా, గుండె యాగుటయా అను వివాదము ఆనాడు ప్రపంచ వైద్యులను రెండు వర్గములుగా చీల్చియుండెను. హైదరాబాదు మెడికల్ స్కూలునకు అధిపతియైన ఎడ్వర్డ్ లారీ శ్వాసయే కారణమని వాదించుచు, ఆఱవ నిజాము మహబూబ్ అలీఖాన్ ప్రభుత్వపు అండతో 1888 లో ఒక పరిశోధక సంఘమును, 1889 లో రెండవ సంఘమును నడిపెను. రెండవదానికై నిజాము ప్రభుత్వము వేయి పౌనులు వెచ్చించి, లాన్సెట్ వైద్యపత్రిక పక్షమున లాడర్ బ్రంటన్ అను సుప్రసిద్ధ ఔషధశాస్త్రజ్ఞుని లండనునుండి రప్పించినది. నాలుగు వందలకు పైగా జంతువులపై ప్రయోగములు జరిగినవి. ప్రపంచములో తొలి మహిళా మత్తువైద్యురాలిగా పేరొందిన రూపాబాయి ఫర్దూన్‌జీ ఆ హైదరాబాదు వైద్యవర్గములోనిదే.

సంఘము తేల్చినదేమన, క్లోరోఫారము మితిమీఱినప్పుడు శ్వాసను ఆపును, గుండెను నేరుగా తాకదు, కావున శ్వాసను కనిపెట్టియుండిన చాలునని. ఆ తీర్పు సంపూర్ణ సత్యము కాదు. 1911 లో గుడ్‌మన్ లెవీ అను నాంగ్లేయ వైద్యుడు చూపిన దానిని బట్టి, మత్తు చాలినంత యివ్వక పైపైన ఇచ్చినప్పుడు, భయముచేతనో బాధచేతనో పొంగిన అడ్రినలిన్ క్లోరోఫారముతో కలిసి గుండె లయను చెదరగొట్టి చంపగలదు. అతిగా ఇచ్చుట ప్రమాదమని లారీ యెఱుగును. తక్కువగా ఇచ్చుటయు ప్రమాదమే యని లెవీ కనుగొనెను. "కొంచెము కొంచెము వేసికొన్నచో భయము లేదు" అని తలచి గోలీని విఱిచి సగము వేసికొను నేటి మనవారికి ఈ చరిత్రము పనికివచ్చును. లారీ పొరబడినందుకు నేనాతనిని తక్కువ చేయను. ఒక మందు ఎంత, ఎట్లు, ఏ యవయవమును చంపునో తెలిసికొనుటకు ప్రభుత్వము సొమ్ము వెచ్చించి, ఆ ఫలితమును లోకమునకు ప్రకటించిన నగరము మనది. అదియే నాకు ముఖ్యము.

మా పినతల్లిని బాధించిన మందు కథ మన కింకను దగ్గఱిది. 1895 లో భీమవరమున జన్మించి, మద్రాసు వైద్యకళాశాలలో చదివి, పిదప అమెరికా చేరిన యల్లాప్రగడ సుబ్బారావుగారు, లెడర్లె ప్రయోగశాలలో పరిశోధనాధిపతిగా ఉండి ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేయించిరి. పిదప ఆ ఫోలిక్ ఆమ్లమును పోలియుండి దాని పనిని అడ్డగించు ద్రవ్యములను చేయించిరి. వానిలో అమినోప్టెరిన్ అనుదానిని బోస్టనులో సిడ్నీ ఫార్బర్ రక్తకాన్సరుతో నవయుచున్న పిల్లలకిచ్చి, తాత్కాలికముగానైనను రోగము వెనుకంజ వేయుటను 1948 లో ప్రకటించెను. ఆ యేడాది ఆగస్టులోనే సుబ్బారావుగారు గతించిరి. అమినోప్టెరిన్‌కు తోబుట్టువు వంటిది మెథోట్రెక్సేట్. కణము రెండుగా చీలుటకు ఫోలిక్ ఆమ్లము కావలెను. దానిని వాడుకలోనికి తెచ్చు ఎంజైము ఈ మాఱువేషపు పదార్థమును నిజమైనదిగా భ్రమించి పట్టుకొని కదలలేక నిలిచిపోవును. వేగముగా చీలు కణములే ముందుగా దెబ్బతినును. కాన్సరు కణములు అట్టివి. మన నోటి లోపలి పొరయు, ఎముకల మజ్జయు అట్టివే. కీళ్లవాతమునకు ఈ మందును మిక్కిలి తక్కువ మోతాదులో వారమునకొక్కమారే యిచ్చుటలోని మర్మమిది: మందు కణములలో చాలనాళ్లు నిలిచి కీళ్ల మంటను అణచుచుండగా, తక్కిన ఆఱు దినములలో మజ్జయు నోటిపొరయు కోలుకొనును. ఆ ఆఱు దినముల విశ్రాంతి కూడ మందులోని భాగమే. నోరు పూసినప్పుడు మా పినతల్లి వేడియనుకొన్నది, విశ్రాంతి దొరకని కణముల మొఱ.

చట్టము ఈ విషయమున మౌనముగా లేదు. 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టము కలదు. అనేక యాంటీబయాటిక్కులను, నిద్రమాత్రలను హెచ్1 అను పట్టికలో చేర్చి, వాని అమ్మకమును రోగి పేరుతో సహా నమోదు చేయవలెనన్న నియమము 2014 మార్చినుండి అమలులోనికి వచ్చినది. రోగికి మందు వాడుకను వివరించుట ఫార్మసిస్టు విధి యని 2015 నాటి ఫార్మసీ ప్రాక్టీస్ నిబంధనలు చెప్పుచున్నవి. అట్టి మందుల స్ట్రిప్‌పై ఎఱ్ఱగీత పక్కన హెచ్చరిక కూడ ఉన్నది, ఇంగ్లీషులో, చీమతలలంతేసి అక్షరములతో. ఒకప్పుడు బాలానగర్‌లో ఐ.డి.పి.ఎల్. మందుల కర్మాగారమును నడిపి, నేడు దేశదేశములకు మందులు పంపుచు, ఆయా దేశముల భాషలలో లేబుళ్లు ముద్రించి యిచ్చుచున్న నగరమునకు, తన బస్తీవాసి చదువగల నాలుగు మాటలు పొట్లముపై వ్రాయుట భారము కానేరదు.

దుకాణదారులు నాతో అన్న మాటలు రెండు. సాయంకాలపు రద్దీలో వ్రాయుటకు తీఱిక యెక్కడిదని మొదటిది. బిల్లు కొట్టు కంప్యూటరే యొక చీటీపై "పొద్దున – అన్నము తరువాత – ఐదు దినములు" అని తెలుగున ముద్రించి యిచ్చునట్లు చేయవచ్చును. కంప్యూటరు లేనివారికి పూట, పరిమాణము, దినములు గుర్తింపదగిన ఒక రబ్బరు స్టాంపు చాలును. చదువురానివారి మాట యేమని రెండవది. వారికొఱకు సూర్యుని, చంద్రుని బొమ్మలు వేసి వాని ప్రక్కన గోలీల సంఖ్య చుక్కలుగా గుర్తింపవచ్చును. ప్రభుత్వము 2018 లో మొదలుపెట్టిన బస్తీ దవాఖానాలలోని మందుల కౌంటరులనుండి ఈ పద్ధతిని ప్రారంభింపవలెనని నా మనవి. అచ్చట మందు ఉచితము గనుక బేరసారముల యాతన లేదు, వచ్చువారు ఆ వీథులవారే గనుక ఫలితము నెలలోనే కానవచ్చును. ఇక, జనులకు మందుల సంగతి తెలిసినకొలది వైద్యుని వద్దకు పోక తామే వైద్యము చేసికొందురని విద్యావంతులు కొందఱు శంకించుచున్నారు. నేను చూచినంతవఱకు, ఏమియు తెలియనివాడే నిర్భయముగా మందు మ్రింగుచున్నాడు. పారాసిటమాల్ కాలేయమును ఏమి చేయునో ఒక్కమారు విన్నవాడు రెండవ గోలీకి ముందు గడియారము చూచుకొనుచున్నాడు.

మా పినతల్లి కోలుకొన్న తరువాత వైద్యుడు అదే మందును మరల ప్రారంభించెను. కీళ్లకు దానిని మించినది ఆమెకు కుదురలేదు. ఈమారు వారములో ఒక దినమును పేరుతో నిర్ణయించి, చీటీపై బుధవారమని తెలుగులో వ్రాసి యిచ్చెను. ఆమె గోడమీది క్యాలెండరులో బుధవారములన్నిటి చుట్టును పసుపుతో గుండ్రములు గీసి, తక్కిన దినములలో ఆ డబ్బాను బియ్యపు డ్రమ్ము వెనుక పెట్టుచున్నది. మొన్న క్రొత్త స్ట్రిప్ తెచ్చుటకు పోయినప్పుడు, దుకాణపు కుఱ్ఱవాడు పొట్లము కట్టబోగా ఆపి, తన సంచిలోని కలము తీసి వాని చేతికిచ్చినదట.